నాయనమ్మ ఇంట్లో రెండేళ్లు

"తలుపు తియ్యి అమ్మడూ. బస్సు వెళ్లిపోతుంది."

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కుళాయి మాత్రం ధారగా పడుతోంది. పిల్ల స్నానాల గదిలోకి వెళ్లి ముప్పావుగంట దాటింది. తన అవస్థ బయటికి వినపడకూడదని కుళాయి తిప్పుకుని కూర్చుంటుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా ఆడపడుచు రోజుకొకసారైనా అనాల్సిన మాట అనకుండా ఉండదు.

"నీళ్లు పోతున్నాయి," అంది ఆవిడ, వంటగది బల్ల దగ్గర్నుంచి లేవకుండానే.

"పోనివ్వండి వదినా."

తల్లి తలుపుకి ఇవతల పిల్ల కోటు పట్టుకుని నిలబడింది. నిరుడు కుట్లు సాగేంత బిగుతుగా ఉన్న కోటు. ఇప్పుడందులో ఇంకో పిల్లని కూడా దూర్చవచ్చు. పదహారేళ్ల పిల్ల ముప్ఫైనాలుగు కిలోలుంటే కోటుదేం తప్పు.

"పోనిస్తానే, నాదేం పోయింది," అంది ఆడపడుచు. "ఈ దేశానికొచ్చి పాతికేళ్లయింది. కడుపులో నొప్పని ఒక్కనాడు మంచమెక్కి ఎరగను. తమ్ముడూ ఎరగడు. నువ్వూ ఎరగవు. మన ఇంటావంటా లేని రోగం దీనికెక్కణ్ణుంచి దాపురించిందంటావు? నే చెబితే నీకు కోపం. అడ్డమైన గడ్డీ తిననిచ్చావు."

"ఆర్నెల్లుగా మెత్తటన్నం తప్ప ఏదీ నోట పెట్టలేదది. చూస్తూనే ఉన్నారుగా."

"అంతకుముందు మాట నేననేది."

ఆడపడుచుకి తెలియకుండానే ఆవిడ నోటివెంట అసలు సంగతి వచ్చేసింది. ఆ ఇంట్లో ఏ రోగమూ లేని ముగ్గురూ స్వదేశంలో పుట్టి పెరిగి, పెద్దయ్యాక ఇక్కడికి వచ్చినవాళ్లు. మంచాన పడ్డది ఒక్క పిల్లే. అది పుట్టింది ఇక్కడ, ఈ వీధి చివర ఇస్త్రీ కొట్టు మీదున్న గదిలో, ఈ ఆడపడుచు చేతుల్లోకే.

ఆ ముక్క ఏ కాగితంలోనూ లేదు. పిల్లకీ తెలియదు.

అప్పట్లో తండ్రికి కాగితాలున్నాయి, తల్లికి లేవు. చుట్టపుచూపు వీసా మీద వచ్చి గడువు దాటాక కూడా ఉండిపోయిన మనిషి ఆసుపత్రికి వెళ్లి ఎలా కంటుంది? ఇంట్లోనే కంది. పిల్లకి రెండేళ్లు వచ్చాక, స్వదేశంలో ఉన్న భార్యాబిడ్డల్ని పిలిపించుకోవచ్చని తండ్రికి అనుమతి వచ్చింది. ఇక్కడున్నవాళ్లని అక్కడున్నట్టు రాయించడం తప్ప దారి లేకపోయింది. పిల్ల అక్కడే పుట్టిందని, రెండేళ్లూ నాయనమ్మ ఇంట్లో పెరిగిందని అక్కణ్ణుంచి కాగితం తెప్పించారు. తల్లీ బిడ్డా బస్సులో సరిహద్దు దాటి, వారం తర్వాత కొత్తగా వచ్చినవాళ్లలా మళ్లీ లోపలికి వచ్చారు.

నాయనమ్మ మాత్రం ఆ పిల్లని కళ్లతో చూసింది లేదు. ఆ కాగితం వచ్చిన ఏడాది తిరక్కుండానే పోయింది. క్షయతో పోయింది.

తండ్రి ఆసుపత్రి బిళ్ల మెడలో వేసుకుంటూ గదిలోంచి వచ్చాడు. ఆయన అక్కడ దుబాసీ. ఇక్కడి భాష రాని మనవాళ్లు రోగాలతో వస్తే డాక్టర్లు చెప్పింది వీళ్లకీ, వీళ్లు చెప్పింది డాక్టర్లకీ చెబుతాడు. పన్నెండేళ్లుగా అదే పని. తాగుడు దాచుకునేవాళ్లని, నాటుమందులు దాచుకునేవాళ్లని పక్కకి పిలిచి మందలిస్తాడు కూడా. డాక్టరు దగ్గర అబద్ధమాడితే ప్రాణం మీదికొస్తుందంటాడు. మొన్న ఫోన్లో ఎవరికో ఆ మాటే చెబుతుంటే విని తల్లికి ఒళ్లు మండిపోయింది.

"ఇవాళ చెప్పేద్దామండీ," అంది.

"గొంతు తగ్గించు. వింటుంది."

"కుళాయి పారుతోంది. వినపడదు."

"ఏం చెప్పేద్దామంటావు?"

"మీకు తెలీదా?"

ఆయన చొక్కా చేతులకి బొత్తాలు పెట్టుకున్నాడు. రెండు బొత్తాలకి అంతసేపు పట్టదు.

ఆరు రోజుల కిందట పిల్ల మంచం మీద కాళ్లు ముడుచుకుని పడుకుని, నవ్వుతూ ఒక కబురు చెప్పింది. "అమ్మా, డాక్టరమ్మ ఏమందో తెలుసా? నేనిక్కడే పుట్టి ఉంటే మొదటి రోజే ఇంకో జబ్బనుకునేదట. నాయనమ్మ ఇంట్లో పెరిగానని టీబీ మందులిచ్చిందట. పేగుల్లో టీబీ, ఆ జబ్బూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయట." పిల్లకదో వింత. అదే మాట ఆసుపత్రిలో పక్కనే కూర్చుని విన్న తండ్రి ఇంటికొచ్చి పెళ్లాం చెవిన వేయలేదు. స్నానం చేసి, వార్తలు చూసి, పడుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి ఇప్పటికి ఆమె హోటల్లో ఇస్త్రీ చేస్తూ మూడు దుప్పట్లు మాడ్చింది. తొమ్మిదేళ్లలో ఒక్కటి మాడ్చి ఎరగని మనిషి.

"చెబితే ఏమవుతుందో ఆలోచించావా?" అన్నాడు ఆయన. "దొంగ కాగితాలతో వచ్చారంటారు. ఇక్కడ ఉండనిచ్చే నీ కార్డు పోతుంది, పిల్లది పోతుంది. నా ఉద్యోగం సరేసరి. పంపించేస్తే దాన్ని ఎక్కడికి పంపిస్తారనుకున్నావు? అక్కడ పుట్టిందని రాయించింది మనమే. ఒక్కసారి కూడా చూడని ఊరికి పోయి అదేం చేస్తుంది? అక్కడ ఈ వైద్యం మన చేతికందుతుందా?"

"ఇక్కడుండీ సరైన మందు పడకపోతే?"

"పరీక్షలు చూసి మందిస్తారు కానీ పుట్టిన ఊరు చూసి ఇస్తారా?"

"పరీక్షల్లో తేలలేదనే కదా ఊరు చూసింది."

ఆయన గోడగడియారం చూశాడు.

"టీబీ పురుగు ఒక్క పరీక్షలోనూ దొరకలేదు," అంది తల్లి. "మీ అమ్మగారికి టీబీ ఉండేదని చెప్పారు, నిజమే. ఆవిడ దగ్గర పిల్ల రెండేళ్లుందని చెప్పారు. ఆ ఒక్క మాటకి అది ఆర్నెల్లు గుప్పెడేసి మాత్రలు మింగింది. కళ్లు పచ్చబడ్డాయి."

"నేను కావాలని చెప్పానా? డాక్టరమ్మ అడిగింది, కాగితంలో ఉన్నది చెప్పాను. అలవాటైపోయింది."

అది మటుకు నిజం. పద్నాలుగేళ్లుగా ఎక్కడ ఎవరడిగినా ఆ ముక్కే చెబుతున్నారు. స్కూల్లో అదే, టీకాల దగ్గర అదే. ఆ రోజూ నోరు దానంతటదే చెప్పేసింది. పక్కన తానున్నా అదే చెప్పి ఉండేదని తల్లికి తెలుసు. తెలుసు కాబట్టే ఆమెకి మొగుడి మీద కోపం ఇంకా ఎక్కువైంది.

"చెప్పుకుంటే మీరూ మీరూ చెప్పుకోండి," అంది ఆడపడుచు. "నన్ను మాత్రం లాగొద్దు. నేను చూడలేదు, నాకేం తెలీదు. ముందే చెబుతున్నా."

"బొడ్డు కోసింది మీరే కదా వదినా."

ఆవిడ బల్ల మీద లేని మరకని గుడ్డ పెట్టి తుడిచింది.

కుళాయి ఆగింది. ముగ్గురూ నోళ్లు మూసుకున్నారు. పిల్ల తలుపు తీసి, గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"ఏంటలా వరసగా నిలబడ్డారు? ఫోటో తియ్యాలా?"

ఎవరూ నవ్వలేదు. తల్లి కోటు తొడుగుతుంటే భుజం ఎముక చేతికి గుచ్చుకుంది.

"నాన్నా, నాయనమ్మ కూడా చివర్లో ఇలాగే చిక్కిపోయిందా?"

తండ్రి అక్క వంక చూశాడు. అక్క కిటికీ వంక చూసింది.

"నాకు ఆవిడ మంచం గుర్తున్నట్టే ఉంటుంది," అంది పిల్ల. "కింద కూర్చుని గిన్నెలతో ఆడుకునేదాన్ని కదమ్మా? దగ్గుతూ కూడా నన్నే పిలిచేదన్నావుగా. డాక్టరమ్మకి అదంతా చెప్పాను."

ఆ మంచం, ఆ గిన్నెలు, ఆ దగ్గు, అన్నీ తల్లి కల్పించినవే. నాయనమ్మ ఎలా ఉండేదని పిల్ల చిన్నప్పుడు అడిగితే, రేపు స్కూల్లో ఎవరైనా అడిగినా తడబడకూడదని కాగితానికి సరిపడా ఒక కథ అల్లి పెట్టింది. పిల్ల దాన్ని దాచుకుని పెంచుకుంది. ఇప్పుడది డాక్టరు ఫైల్లోకి కూడా ఎక్కింది.

"బస్సు," అన్నాడు తండ్రి.

బస్సులో పిల్ల ఎప్పుడూ తలుపు దగ్గరి సీట్లోనే కూర్చుంటుంది. ఆ దారిలో ఎక్కడెక్కడ మరుగుదొడ్లున్నాయో, ఏవి తాళం వేసి ఉంటాయో దానికి కంఠతా వచ్చు. మూడు స్టాపులు దాటాయి.

"మా క్లాసులో ఒకమ్మాయికి ఆ రెండో జబ్బుందమ్మా," అంది పిల్ల. "నెలకోసారి సూది వేయించుకుంటుంది. పరుగుపందేలకి కూడా వెళ్తోంది. వాళ్లమ్మా నాన్నా కూడా మనలాగే బయట్నుంచి వచ్చినవాళ్లే. కానీ తను ఇక్కడే పుట్టిందట."

తల్లి ముందుసీటు కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"నేనూ ఇక్కడే పుట్టుంటే బాగుండేది."

తండ్రి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు, ఒక పొడుగాటి గోడ తప్ప.

సొంతవాళ్లకి దుబాసీగా కూర్చోకూడదని ఆ ఆసుపత్రిలో నియమం. అయితే మన భాష వచ్చిన దుబాసీ అక్కడ ఆయనొక్కడే. పైగా ఎవరూ వేలెత్తి చూపని మనిషి. మీరుండగా ఇంకొకరెందుకని డాక్టరమ్మ మొదటి రోజే అంది. అందుకని ఇవాళ ఆయనే భార్యకీ డాక్టరుకీ మధ్య, కొంచెం వెనక్కి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

దుబాసీలకి ఒక పద్ధతి ఉంది. డాక్టరుగారు ఇలా అంటున్నారని చెప్పరు. డాక్టరు 'నేను' అంటే వీళ్లూ 'నేను' అనే అంటారు. రోగి 'నాకు నొప్పి' అంటే వీళ్లూ 'నాకు నొప్పి' అంటారు. మధ్యలో తామున్నట్టే తెలియకూడదు. ఆ విద్యలో ఆయన దిట్ట.

"ఆర్నెల్లూ అయిపోయాయి," అన్నాడు, డాక్టరమ్మ మాటగా. "నాకు మార్పు కనిపించలేదు. పేగు ఒకచోట ఇంకా సన్నబడింది. మందుల వల్ల కాలేయం దెబ్బతింటోంది. ఇప్పుడు నాకు రెండు దారులున్నాయి. మందులకి లొంగని టీబీ అనుకుని ఇంకా గట్టి మందులు మొదలుపెట్టడం ఒకటి. లేదా, ఇది టీబీ కాదు, ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే పేగు మీదికి తిరగబడి వాపు తెప్పిస్తోందనుకోవడం. అప్పుడు ఆ శక్తిని అణిచే మందివ్వాలి. కానీ లోపల నిజంగా టీబీ ఉండగా ఆ మందిస్తే పిల్ల దక్కదు."

రెండు భాషలూ వచ్చిన పిల్ల తలూపుతూ వింటోంది కాబట్టి, ఒక్క ముక్క కూడా మారలేదని తల్లికి తెలుస్తోంది.

"ఆ వాపు జబ్బు మావాళ్లకి రాదా? అడగండి," అంది.

ఆయన అడిగాడు. జవాబు పెద్దదే వచ్చింది.

"మీలా పెద్దయ్యాక వచ్చినవాళ్లలో నేను తక్కువ చూస్తాను. అదే మీ పిల్లలు ఇక్కడ పుట్టి పెరిగితే, ఇక్కడివాళ్లకి ఎంత వస్తుందో వాళ్లకీ ఇంచుమించు అంతే వస్తుంది. ఎందుకంటే ఖాయంగా చెప్పలేను. పసితనంలో తిన్న తిండి, తాగిన నీళ్లు, ఆడుకున్న మట్టి, అన్నీ కలిసి కావచ్చు. మీ అమ్మాయి మొదటి రెండేళ్లూ అక్కడుంది, అదీ టీబీ ఉన్న ఇంట్లో. అందుకే టీబీ వైపు మొగ్గాను."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని ఈసారి తల్లి కళ్లలోకి చూస్తూ మాట్లాడింది. దుబాసీ వెంటనే అందుకోలేదు. గొంతు సవరించుకుని చెప్పాడు.

"ఇప్పటిదాకా అన్నీ తండ్రిగారే చెప్పారు. ఆ రెండేళ్లూ పిల్లతో ఉన్నది మీరు. మీ నోటితో వినాలనుంది. ఆ ఇంట్లో పిల్ల ఎక్కడ పడుకునేది? పెద్దావిడకి ఎంత దగ్గరగా ఉండేది?"

చెప్పి, పెళ్లాం వంక చూశాడు. పందొమ్మిదేళ్ల కాపురంలో ఆ మనిషి ఆమెని ఏదీ బతిమాలి ఎరగడు. ఇప్పుడు కళ్లతో బతిమాలుతున్నాడు. ఆమెకి జాలి వేసింది. భయమూ వేసింది. బ్యాగులో ఉన్న కార్డు గుర్తొచ్చింది, ఆ కార్డు లేని రోజుల్లో పోలీసు బండి కనిపిస్తే పిల్లని చంకనేసుకుని సందుల్లోకి దూరిన సంగతి గుర్తొచ్చింది. పక్కన పిల్ల పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టి, ముందుకు వంగి కూర్చుని ఉంది.

"అది ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు," అంది తల్లి. "మా అత్తగార్ని అది చూడనే లేదు. ఇక్కడే పుట్టింది. ఈ ఊళ్లోనే."

గదిలో ఆ మాట అర్థమైనవాళ్లు ఇద్దరే, దుబాసీ, పిల్ల.

దుబాసీ డాక్టరు వైపు తిరిగాడు. గొంతు ఎప్పట్లాగే నింపాదిగా ఉంది. ఆ భాషలో తల్లికి వచ్చినవి హోటల్లో నేర్చిన పది మాటలే. దుప్పటి, తలగడ, మంచం, గది, రాత్రి, అలాంటివి. ఆయన చెప్పిన దాంట్లో ఆమెకి మంచం వినపడింది. రాత్రి కూడా వినపడింది.

డాక్టరమ్మ తలూపి రాసుకుంది.

తను కుండబద్దలు కొట్టినట్టు చెప్పిన మాట మొగుడి నోట్లోకి వెళ్లి, మంచమై బయటికొచ్చింది. ఇస్త్రీపెట్టె చేతిలో ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు.

పిల్ల తల్లి వైపు చూడలేదు. తండ్రినే చూసింది, చాలాసేపు.

"నాన్నా. అమ్మ అలా అన్లేదు."

"నువ్వూరుకో అమ్మడూ. తర్వాత చెబుతాను."

"అమ్మ మంచం అన్లేదు."

"అమ్మకి నిద్రల్లేవు. ఏదో మాట్లాడుతోంది. ఇంటికెళ్లాక అన్నీ..."

"అమ్మా," అంది పిల్ల. "ఇంకోసారి చెప్పు. మెల్లగా చెప్పు."

తల్లి ఈసారి పిల్లకే చెప్పింది. "ఇక్కడే పుట్టావే. ఇస్త్రీ కొట్టు మీది గదిలో. మీ అత్త బొడ్డు కోసింది. నాకప్పుడు కాగితాల్లేవు. ఉండాలంటే అలా రాయించక తప్పలేదు."

"నాయనమ్మ?"

"నిన్ను ఎత్తుకోలేదు. చూడలేదు."

"మరి గిన్నెలు?"

తల్లి తల అడ్డంగా ఊపింది. అంతకంటే చేతకాలేదు.

"నాకు గుర్తుందే," అంది పిల్ల, తనలో తను అనుకుంటున్నట్టు.

డాక్టరమ్మ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమైందని అడిగినట్టుంది. తండ్రి ఏదో చెప్పబోయాడు. పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దు నాన్నా."

ఆ పిల్ల డాక్టరుతో నాలుగైదు వాక్యాలు మాట్లాడింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఒకచోట ఆగి, మాట కోసం వెతుక్కుని, మళ్లీ చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపింది. ఇందాక రాసుకున్న వరుస మీద అడ్డంగా గీత కొట్టి, కలం కింద పెట్టింది.

దుబాసీ తలెత్తలేదు.

డాక్టరమ్మ తల్లితో ఏదో అని, కాస్త చెప్పమన్నట్టు పిల్ల వైపు చూసింది. పిల్ల పెదాలు బిగించి నేల చూపులు చూస్తోంది. ఎవరూ చెప్పకపోతే ఆ మాట అక్కడే ఆగిపోయేది. చెప్పింది దుబాసీయే. ఎప్పుడూ చెప్పే పద్ధతిలోనే, 'నేను' అంటూనే చెప్పాడు.

"ఈ మనిషి మాట నేనిక నమ్మలేను. వేరే ఆసుపత్రి నుంచి ఇంకో దుబాసీని ఫోన్లో పిలిపిస్తున్నాను. ఆ తర్వాత ఈయన ఈ గదిలో ఉండకూడదు."

తన మీద వచ్చిన మాటని తనే ఒక్క అక్షరం తగ్గించకుండా అందించాడు. మొహం పాలిపోయింది. డాక్టరమ్మ ఇంకా ఆపలేదు, ఆయనా ఆపలేదు.

"వాళ్లు దొరికేలోగా ఒక్కటి అడుగుతాను. పుట్టిన చోటు, పెరిగిన ఇల్లు రెండూ అబద్ధమైతే, ఈ ఫైల్లో మిగిలిందాంట్లో ఏది నిజమో నాకు తెలియాలి. ఈ జబ్బులో రక్తసంబంధం కూడా చూస్తాం. మీ ఇంట్లో ఎవరికీ లేదని రాసుకున్నది మిమ్మల్ని తల్లిదండ్రులనుకునే."

అక్కడ ఆయన మొదటిసారి ఆగాడు. ఆ తర్వాతి వాక్యం చెప్పకుండా దాటేస్తాడేమోనని తల్లి ఒక్క క్షణం అనుకుంది. దాటేయలేదు. కట్టుకున్న భార్యని సూటిగా చూస్తూ అడిగాడు.

"ఈ అమ్మాయి మీ కడుపున పుట్టిన పిల్లేనా?"

తల్లి అవునని చెప్పబోయి పిల్ల వైపు చూసింది. పిల్ల కూడా, డాక్టరమ్మలాగే, ఆమె ఏం చెబుతుందోనని చూస్తోంది.